మట్టిలో గింజ ఉంటే సరిపోదు

బార్సిలోనాకు నైరుతిన, సముద్రానికి దగ్గర్లో గర్రాఫ్ అనే సున్నపురాయి కొండలున్నాయి. ఆ కొండ మీది పొదల మధ్య 4 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉన్న మడులు కొన్ని కనిపిస్తాయి. కొన్ని మడుల మీద లోహపు చట్రం, దానికి చుట్టిపెట్టిన ప్లాస్టిక్ పట్టా ఉంటాయి. మొక్కలు ఎదిగే వసంతంలోనూ, శరత్తులోనూ వాన చినుకు సెన్సర్ మీద పడితే చాలు, మోటారు తిరిగి పట్టా జరుక్కుంటూ వచ్చి పొదల్ని కప్పేస్తుంది. వాన వెలిశాక వెనక్కి పోతుంది. ఆ మడిలోని మొక్కలకు ఎండ అందుతుంది, గాలి అందుతుంది, వాన మాత్రం పక్కనే పడి ఊరించి పోతుంది. ఇంకొన్ని మడుల మీద రాత్రిపూట వేడిని తిప్పికొట్టే తెర పరుస్తారు, పగలు నేల తాగిన వేడి ఆకాశంలోకి పోకుండా. మిగతావాటిని ఏమీ చేయరు, అవి పోల్చి చూసుకోవడానికి.

1990ల చివర్లో మొదలైన ప్రయోగం ఇది. ఇదే పద్ధతిలో వేల్స్, డెన్మార్క్, నెదర్లాండ్స్, హంగరీ దేశాల్లోనూ, ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలోనూ మడులు వేశారు. వానలు తగ్గి, రాత్రులు వేడెక్కితే యూరప్ పొదల నేలలు ఏమవుతాయో ముందుగానే చూడాలన్నది ఆలోచన. గర్రాఫ్‌లో ఫ్రాన్సిస్కో ల్యోరెట్, జుసెప్ పెన్యుయేలస్, మార్క్ ఎస్తియార్తె కొత్తగా పుట్టిన మొలకల్ని లెక్కబెట్టి 2004లో ఫలితం ప్రచురించారు. వాన ఆపిన మడుల్లో మొలకలు తగ్గాయి. మొలకెత్తే జాతులు కూడా తగ్గాయి.

అదే మడుల్లో పెద్ద పొదలు మాత్రం నిలబడే ఉన్నాయి. అక్కడ ఎక్కువగా ఉండేవి ఎరికా మల్టీఫ్లోరా, గ్లోబులేరియా అలైపం. కాల్చినా, నరికినా మొదలు నుంచి మళ్లీ చిగురు వేసే మొండి ఘటాలు. ఆ కొండ 1982లో ఒకసారి, 1994లో ఇంకోసారి కాలింది, రెండుసార్లూ తేరుకుంది. అందుకే దూరం నుంచి చూసేవాళ్లకు అక్కడ ఏదో జరుగుతోందన్న అనుమానమే రాదు. ఎవరికైనా వచ్చినా ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది: "మట్టిలో గింజలున్నాయి కదా, మంచి వాన పడితే అవే వస్తాయి."

ఈ ధీమాలో నిజం లేకపోలేదు. కానీ దాని మీద మనం మోపుతున్న బరువు చాలా ఎక్కువ.

మట్టిలో ఎవరున్నారు

విత్తన బ్యాంకు అనగానే మనకు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ మహిళలు దాచుకునే చిరుధాన్యాల విత్తనాలో, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్‌బీపీజీఆర్ (జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ) కేంద్రమో గుర్తొస్తాయి. అవి మనుషులు దాచినవి. ఇక్కడ చెప్పుకుంటున్నది ఎవరూ దాచనిది: రాలిన గింజల్లో చీమ, ఎలుక, పిట్ట, బూజు తినగా మిగిలి, మొలకెత్తకుండా, చచ్చిపోకుండా మట్టిలో ఉండిపోయిన గింజల మొత్తం. ఇవి చాలావరకు పై ఐదు, పది సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. అంతకన్నా లోతుకు దిగిన చిన్న గింజ మొలకెత్తినా, పైకి వచ్చేలోపు దాని దగ్గరున్న సత్తువ అయిపోతుంది.

గుప్పెడు మట్టిలో ఎంత ఉంటుందో చెప్పడానికి చార్లెస్ డార్విన్ చేసిన పని ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. చిన్న చెరువు ఒడ్డు నుంచి మూడు పెద్ద చెంచాల బురద తెచ్చి, తన గదిలో కప్పులో పెట్టి, ఆరు నెలలపాటు మొలిచిన ప్రతి మొక్కనూ పీకి లెక్కేశాడు. మొత్తం 537 మొక్కలు. 1859లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ లెక్క ఉంది.

అన్ని గింజలూ ఇలా మట్టిలో ఉండిపోవు. వేప గింజనే తీసుకోండి, రాలాక వానకు మొలిచిందా సరే, లేదంటే కొన్ని నెలల్లోనే దాని పని అయిపోతుంది. ఒక్క ఏడాది కూడా నిలవని ఇలాంటివాటిని శాస్త్రవేత్తలు తాత్కాలిక నిల్వ అంటారు. ఏళ్ల తరబడి బతికుండేవి శాశ్వత నిల్వ. బ్రిటన్ మొక్కల మీద చేసిన పరిశీలనల్లో ఒక సులువైన గుర్తు దొరికింది: నలుసంత ఉండి, గుండ్రంగా, నున్నగా ఉండే గింజలు ఎక్కువ కాలం ఉంటాయి. పెద్దవి, పొడుగువి, రెక్కలున్నవి ఉండవు. చిన్న గింజ మట్టి బీటల్లోకి సులువుగా జారిపోతుంది, తినేవాళ్ల కంటపడదు.

కాబట్టి మట్టిలో ఉన్న జాబితా, మట్టి మీద ఉన్న జాబితా ఒకటి కావు. గడ్డి నేలల్లో ఈ రెండూ కొంత దగ్గరగా ఉంటాయి. చెట్లూ పొదలూ పెరిగేకొద్దీ దూరం పెరుగుతుంది. పొదల నేలలో మట్టి తవ్వి చూస్తే ఎక్కువగా దొరికేవి ఏడాదిలో పుట్టి పోయే చిన్న మొక్కలు, గడ్డి, కలుపు. పైన రాజ్యమేలుతున్న పొదల గింజలు కొన్నిసార్లు లెక్కకు కూడా రావు. "చదరపు మీటరుకు ఇన్ని వేల గింజలు" అనే అంకె విన్నప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న: ఎవరి గింజలు?

అసలు ఈ లెక్క ఎలా తీస్తారో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే అపార్థాలు సగం అక్కడే పుడతాయి. ఇనుప గొట్టంతో నేలలో పొడిచి మట్టి తీస్తారు. రాళ్లూ వేళ్లూ జల్లెడ పట్టి, ట్రేలో శుభ్రమైన ఇసుక మీద పలచగా పరిచి, గ్రీన్‌హౌస్‌లో పెట్టి రోజూ తడుపుతారు. మొలిచినదాన్ని గుర్తుపట్టగానే పీకేస్తారు, గుర్తుపట్టలేకపోతే వేరే కుండీలోకి మార్చి పూత వచ్చేదాకా ఆగుతారు. మొలకలు ఆగిపోయాక మట్టిని కలియబెట్టి మళ్లీ తడుపుతారు. నెలల పని. ఇందులో తిరకాసు ఏమిటంటే, తడి, వెలుతురు తగిలితే మొలిచే గింజలే ఈ లెక్కలోకి వస్తాయి. నిప్పు వేడి తగిలితేనో, పొగ సోకితేనో తప్ప కదలని గింజలు ట్రేలో అలాగే పడుంటాయి, లెక్కలో లేనట్టే. రెండో పద్ధతి, మట్టిని కడిగి గింజల్ని పట్టకారుతో ఏరడం. అప్పుడు బతికున్నదో లేదో తేల్చడానికి గింజను కోసి టెట్రజోలియం ద్రావణంలో నానబెడతారు. లోపల ప్రాణం ఉంటే ఎర్రబడుతుంది. ఒకే కొండ మట్టికి ఈ రెండు పద్ధతుల్లో రెండు వేర్వేరు అంకెలు వచ్చినా ఆశ్చర్యం లేదు.

అన్నీ ఒకేసారి ఎందుకు మొలవవు

తొలకరి పడగానే ఇంట్లో ఉన్న వేరుశనగ విత్తనమంతా చల్లేసిన అనంతపురం రైతును ఊహించుకోండి. ఆ తర్వాత ఇరవై రోజులు వరుపు వస్తే? మళ్లీ విత్తడానికి గింజ ఉండదు. అక్కడ కొంత విత్తనం వెనక్కి పెట్టుకోవడం పిరికితనం కాదు, అనుభవం. ఎడారి మొక్కలు చేసేదీ ఇదే. 1966లో డాన్ కోహెన్ అనే శాస్త్రవేత్త దీన్ని గణితంలో పెట్టాడు. వానల మీద భరోసా లేని చోట, ప్రతి ఏటా కొన్ని గింజలే మొలిచి మిగతావి నిద్రపోయే మొక్కలే దీర్ఘకాలంలో మిగులుతాయని ఆ లెక్క చెబుతుంది.

చిన్న ఉదాహరణతో చూద్దాం. మంచి ఏడాదిలో మొలిచిన ఒక్కో గింజ పది గింజలు ఇస్తుంది, కరువు ఏడాదిలో మొలిచినవన్నీ ఎండిపోతాయి అనుకుందాం. 100 గింజలతో మొదలుపెట్టి అన్నీ మొలిస్తే, మంచి ఏడాదికి 1,000 అవుతాయి, ఆ వెంటనే ఒక కరువు వస్తే సున్నా. అదే ప్రతి ఏటా సగమే మొలిచే మొక్క అయితే మంచి ఏడాదికి 550, మరుసటి కరువుకు 275. రెండేళ్లలో రెండున్నర రెట్ల పైన మిగులు. బాగానే ఉంది. ఇప్పుడు వాతావరణం మారి ఒక మంచి ఏడాది తర్వాత వరసగా మూడు కరువులు వచ్చాయనుకోండి: 550, 275, 137, 69. మొదలుపెట్టిన వందకన్నా తక్కువ. ఏటా పదో వంతు మాత్రమే మొలిచే ఇంకో జాతి అదే నాలుగేళ్లలో 190కి ఎక్కి, 138 దగ్గర ఆగుతుంది. మొక్కలో లోపం లేదు, గింజలో లోపం లేదు. ఏ వంతు మొలవాలి, ఏ వంతు ఆగాలి అన్నది పాత వానల లెక్క ప్రకారం తరతరాలుగా కుదురుకుంది, ఆ లెక్క మారిపోయింది, అంతే. మట్టిలో చచ్చే గింజల్ని నేనిక్కడ కలపలేదు. కలిపితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

ఇది కాగితం మీది లెక్క. నిజంగా ఏం జరుగుతోందో అరిజోనాలోని టూసాన్ ఊరి పక్కన టూమమాక్ కొండ మీద చూడొచ్చు. అక్కడి ఎడారి ప్రయోగశాల 1903 నాటిది. క్రియోసోట్ పొదల మధ్య చలికాలపు వానకు మొలిచే చిన్న మొక్కల్ని లారీ వెనబుల్ బృందం 1980ల నుంచి ఏటా లెక్కబెడుతూ వచ్చింది. ఎడారి వేడెక్కుతోంది కాబట్టి వేడిని ఇష్టపడే జాతులు పెరగాలి. జరిగింది దానికి తలకిందులు. చల్లదనంలో బాగా ఎదిగే జాతులు పెరిగాయి. 2010లో ఆ బృందం దీనికి కారణం చెప్పింది: మొలకెత్తించే మొదటి వాన అక్టోబరు చివర నుంచి డిసెంబరుకు జరిగింది. వాతావరణం మొత్తం మీద వేడెక్కినా, గింజ కళ్లు తెరిచే రోజు మాత్రం మునుపటికన్నా చల్లగా ఉంది. కాబట్టి చలికి తట్టుకునేవే నెగ్గాయి.

వాతావరణ మార్పు అంటే "రెండు డిగ్రీలు పెరుగుతుంది, కాబట్టి వేడి తట్టుకునేవి మిగులుతాయి" అని టీవీ చర్చల్లో తేల్చేస్తుంటారు. గింజకు సగటు ఉష్ణోగ్రతతో పని లేదు. దానికి కావలసింది, తడి తగిలిన ఆ వారంలో వేడి ఎంత అన్నదే.

వేడి, పొగ

కొన్ని గింజలు ఎంత వాన పడినా మొలవవు. తుమ్మ, సుబాబుల్ గింజల్ని మన నర్సరీల్లో ఉడుకు నీళ్లలో వేసి, ఆ తర్వాత నానబెట్టి సంచుల్లో పెడతారు. పై పెంకు నీటిని లోపలికి రానివ్వదు కాబట్టి ఆ పాట్లు. చిక్కుడు కుటుంబంలో ఇది మామూలే. మధ్యధరా తీరంలో సిస్టస్ పొదల గింజలూ అంతే. మిల్లీమీటరు గింజ, లోపలికి చుక్క నీరు పోదు. మంట వచ్చినప్పుడు తల్లి పొద కాలిపోతుంది, సిస్టస్‌కు మొదలు నుంచి చిగురు రాదు. అయితే నేలపైన వందల డిగ్రీలున్నా రెండు మూడు సెంటీమీటర్ల కింద మట్టి ఆ వేడిని చాలావరకు ఆపేస్తుంది. అక్కడి గింజకు కొద్ది నిమిషాలు వేడి తగిలి పెంకులో ఒకచోట సన్నటి చీలిక వస్తుంది. తర్వాతి వానకు నీరు అందులోంచి దిగుతుంది. నీడ పోయింది, పోటీ పోయింది, బూడిద ఎరువు ఉంది. మొలవడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు.

దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలోని ఫిన్‌బోస్ పొదల్లో చాలావాటికి కావలసింది వేడి కాదు, పొగ. 1990లో కిర్‌స్టెన్‌బాష్ ఉద్యానంలో పనిచేసిన డి లాంగ్, సహచరుడు బౌచర్‌తో కలిసి ఒక అరుదైన ఫిన్‌బోస్ మొక్క గింజలకు పొగ పట్టించి మొలిపించాడు. పొగలో ఉన్న ఏ పదార్థం ఈ పని చేస్తుందో 2004లో తేలింది, దానికి తర్వాత కారికిన్ అని పేరు పెట్టారు. గింజలు నానబెట్టుకోవడానికి పొగ ఎక్కించిన కాగితపు బిళ్లల్ని కిర్‌స్టెన్‌బాష్ తోటమాలులకు అమ్మేదాకా వెళ్లింది వ్యవహారం.

ఇంత చక్కటి ఏర్పాటుకు వాతావరణ మార్పుతో ఏం ఇబ్బంది? పెంకు గింజల్లో ఒక్కో జాతికి ఒక్కో హద్దు ఉంటుంది. కొన్ని 40 డిగ్రీల నేల వేడికే తెరుచుకుంటాయి, కొన్ని 80 దాటితే గానీ కదలవు. వేసవిలో బోసి నేల పైపొర 50, 60 డిగ్రీలు తాకడం వింత కాదు. వడగాడ్పులు పెరిగి, పొదలు పలచబడి నేల ఎండకు తేలితే, హద్దు తక్కువగా ఉన్న గింజలు మంట లేకుండానే తెరుచుకుంటాయి. పైన పెద్ద పొదల పోటీ అలాగే ఉంటుంది, మొలక బతకదు. మంట వచ్చే రోజుకు వాడుకోవలసిన నిల్వ ఊరికే కరిగిపోతుంది. ఆస్ట్రేలియాలో మార్క్ ఊయి, టోనీ ఆల్డ్ లాంటివాళ్లు చాలా ఏళ్లుగా పరీక్షిస్తున్నది ఇదే. అన్ని జాతులకూ ఈ ప్రమాదం సమానంగా లేదు. హద్దు ఎక్కువగా ఉన్నవి నిబ్బరంగా ఉంటాయి. కాబట్టి నష్టం గంపగుత్తగా కాకుండా జాతుల్ని ఏరి ఏరి జరుగుతుంది.

ఓటే కొండ మీద రెండు మంటలు

కాలిఫోర్నియాకు దక్షిణ కొసన, మెక్సికో సరిహద్దు దగ్గర ఓటే కొండ ఉంది. అక్కడి దట్టమైన పొదల అడవిని చాపరాల్ అంటారు. అందులో సియానోథస్ అనే పొద సిస్టస్ లాంటిదే: కాలితే చస్తుంది, మట్టిలోని గింజల నుంచే మళ్లీ పుడుతుంది. పుట్టిన పొద పూతకొచ్చి, గింజ కట్టి, మట్టిలో సరిపడా నిల్వ చేరేసరికి పదేళ్లు పైనే పడుతుంది. చాపరాల్ సహజంగా ముప్పై ఏళ్లకో, వందేళ్లకో ఒకసారి కాలేది కాబట్టి ఆ వ్యవధి సరిపోయేది.

1979లో ఓటే కొండ కాలింది. బోసిపోయిన వాలు మీద వానకు మట్టి కొట్టుకుపోతుందన్న భయంతో, అప్పటి అలవాటు ప్రకారం, ఆకాశం నుంచి రైగ్రాస్ గడ్డి విత్తనం చల్లారు. గడ్డి ఏపుగా వచ్చింది, వేసవికి ఎండింది. 1980లో మళ్లీ నిప్పు పుట్టినప్పుడు ఆ ఎండుగడ్డే మంటను కొండంతా మోసింది. మామూలుగా కాలి ఏడాదైన చాపరాల్‌లో మంట పాకడానికి ఏమీ ఉండదు. మొదటి మంటకు లేచిన సియానోథస్ మొలకలన్నీ పూత మొహం చూడకముందే కాలిపోయాయి. నిల్వ మొదటి మంటకే ఖర్చయిపోయింది, కొత్తగా చేరింది లేదు. రెండుసార్లు కాలిన చోట సియానోథస్ దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని పాల్ జెడ్లర్ బృందం 1983లో నమోదు చేసింది.

మన దగ్గర హెలికాప్టర్ల నుంచి, డ్రోన్ల నుంచి కొండల మీదికి విత్తన బంతులు విసిరే కార్యక్రమాల ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఓటే కొండే గుర్తొస్తుంది. విసిరేవాళ్ల మంచి ఉద్దేశం మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ కొండ మట్టిలో ఇప్పటికే ఏముందో ఎవరైనా చూశారా?

ఓటేలో తప్పు గడ్డిది. ఇప్పుడు ఆ పని కరువు, వడగాడ్పు చేస్తున్నాయి. నీల్ ఎన్‌రైట్, ఇతర ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2015లో దీనికి 'ఇంటర్వల్ స్క్వీజ్' అని పేరు పెట్టారు, అంటే వ్యవధి నొక్కుకుపోవడం. మూడు వైపుల నుంచి నొక్కుతుంది. వానలు తగ్గితే పొద నెమ్మదిగా ఎదుగుతుంది, గింజ ఆలస్యంగా, తక్కువగా కడుతుంది. అంటే నిల్వ నిండటానికి ఇదివరకటికన్నా ఎక్కువ ఏళ్లు కావాలి. అదే సమయంలో వేడి, ఎండుదనం వల్ల మంటలు ముందే వచ్చేస్తాయి. ఇక మంట తర్వాత మొలిచినవాటిలో ఎక్కువ భాగం ఎండకు పోతే, ఆ లోటు పూడ్చడానికి నిల్వ మునుపటికన్నా పెద్దదై ఉండాలి. కావలసిన ఏళ్లు పెరుగుతుంటే దొరికే ఏళ్లు తగ్గుతున్నాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నో విడిగా చూస్తే పెద్ద ప్రమాదంలా కనిపించదు. మంటల మధ్య వ్యవధి ఇరవై ఏళ్ల నుంచి పదిహేనుకు తగ్గింది, పర్వాలేదులే అనుకుంటాం. గింజ కట్టే వయసు పది నుంచి పద్నాలుగుకు పెరిగింది, అదీ పర్వాలేదు. రెండూ కలిస్తే పొదకు మిగిలేది ఒక్క ఏడాది.

మూడో వైపు ఎంత బలమైనదో కేప్ ద్వీపకల్పంలో కనిపించింది. గుడ్ హోప్ అగ్రం దగ్గర ఫిన్‌బోస్‌లో 1966లో గుర్తుపెట్టిన మడుల్ని 1996లో, 2010లో మళ్లీ వెతికి చూశారు. జాస్పర్ స్లింగ్స్‌బీ బృందం 2017లో ప్రచురించిన వివరాల ప్రకారం మడుల్లో జాతులు తగ్గుతూ వచ్చాయి. దానికి ప్రధాన కారణాల్లో ఒకటి, మంట తర్వాత వచ్చే మొదటి వేసవిలో వరసగా ఎన్ని రోజులు వేడిగా, వాన లేకుండా గడిచాయన్నది. రెండోది, బయట నుంచి వచ్చిన చెట్ల దాడి. ముప్పై, నలభై ఏళ్ల పొద జీవితంలో ఏ కరువూ దాన్ని చంపలేకపోవచ్చు. కానీ బొటనవేలంత మొలకగా ఉన్నప్పుడు వచ్చిన మూడు వారాల ఎండ దాన్ని చంపేస్తుంది. గర్రాఫ్ మడుల్లో పెద్ద పొదలు నిలబడి, మొలకలు తగ్గడానికీ కారణం ఇలాంటిదే.

నిండుగా కనిపించే నిల్వ

నిల్వ ఎన్నాళ్లుంటుందని అడిగితే అందరూ చెప్పే కథ విలియం బీల్‌ది. 1879లో మిషిగన్‌లో ఆయన 20 సీసాల్లో ఇసుకతో పాటు ఇరవైకి పైగా రకాల కలుపు మొక్కల గింజలు, ఒక్కో రకం 50 చొప్పున కలిపి నేలలో పాతిపెట్టాడు. తర్వాతి తరాలవాళ్లు కొన్నేళ్లకొకసారి ఒక్కో సీసా తీసి మొలిపిస్తున్నారు. 2021లో వెలుతురు తగలకుండా రాత్రిపూట టార్చిలైట్లతో వెళ్లి ఒక సీసా తవ్వి తీస్తే, 140 ఏళ్ల తర్వాత కూడా కొన్ని గింజలు మొలిచాయి. గింజ ఎంత మొండిదో చూడండి అని ఈ కథ చెబుతుంటారు. నాకు కనిపించేది ఇంకొకటి. మొలిచినవన్నీ వెర్బాస్కమ్ అనే ఒకే ప్రజాతివి. మిగతా రకాలేవీ లేవలేదు. ఆ మిగిలినది కూడా తవ్విన నేలల్లో, రోడ్ల పక్కన వచ్చే కలుపు మొక్క.

అందుకే మట్టిలో గింజల మొత్తం సంఖ్య మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పైన పొదలు గింజ కట్టడం మానేసినా, పాత గింజలు కొన్నేళ్లపాటు లెక్కలో కనిపిస్తూనే ఉంటాయి. ఒక జాతి పోయిన సంగతి మట్టి చాలా ఆలస్యంగా చెబుతుంది. పైగా నేల తెరిపి పడగానే దిగే కొత్తవాళ్లు తమ గింజలు కూడా అక్కడే పోస్తారు. మొత్తం పెరిగినట్టు కనిపించినా ఆశ్చర్యం లేదు. కేప్‌లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన అకేషియాలు ఇలాగే పాతుకుపోయాయి: అవి కూడా గట్టి పెంకు గింజలే, మంటకే తెరుచుకుంటాయి, కాకపోతే ఫిన్‌బోస్ పొదలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గింజలు పోస్తాయి. చెట్లు నరికాక కూడా ఏళ్ల తరబడి మొలకలు పీకుతూనే ఉండాలి.

చీమల విషయం కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే వాతావరణమే అంతా చేస్తోందనిపిస్తుంది. ఫిన్‌బోస్‌లో ఎన్నో జాతుల గింజలకు చివర చిన్న కొవ్వు ముద్ద ఉంటుంది. దాని కోసం చీమలు గింజను పుట్టలోకి లాక్కెళతాయి, ముద్ద తిని గింజను అక్కడే వదిలేస్తాయి. మంటకు తగిన లోతులో గింజ పడేది ఆ విధంగానే. అర్జెంటీనా చీమ వచ్చి స్థానిక చీమల్ని తరిమేసిన చోట గింజలు నేల మీదే ఉండిపోయి ఎలుకల పాలయ్యాయని విలియం బాండ్, పీటర్ స్లింగ్స్‌బీ 1984లోనే చూపించారు. చీమలు మారితే మట్టి నిల్వే మారిపోతుంది.

మన చిట్టడవి సంగతి

రాయలసీమ, దక్షిణ తెలంగాణ చిట్టడవుల్ని ఫిన్‌బోస్‌తోనో చాపరాల్‌తోనో అచ్చంగా పోల్చలేం. అక్కడ వాన చలికాలంలో, ఇక్కడ జూన్ నుంచి. అక్కడి మొక్కలకు మంటతో లక్షల ఏళ్ల సహవాసం ఉంది. శేషాచలంలోనో నల్లమలలోనో వేసవిలో లేచే మంటలు ఎక్కువగా మనుషులు పెట్టినవే. తంగేడు, తుమ్మ, బందారు లాంటివాటికి గట్టి పెంకు గింజలున్నాయి. వాటికి వేసవి నేల వేడి, మేకల కడుపు, వాగు రాళ్ల ఒరిపిడి తాళం తీస్తాయి. రేగు, కలివి, బలుసు పళ్లు తినే పిట్టల మీద, నక్కల మీద ఆధారపడతాయి. మంటల మధ్య వ్యవధి ఇక్కడ మొదటి ప్రశ్న కాదు. టూమమాక్ కొండ ప్రశ్న మాత్రం సూటిగా మనదే. ఏడాది వాన మొత్తం సగటుకు దగ్గరగానే ఉన్నా, మొదటి పదును వానకూ తర్వాతి వానకూ మధ్య వరుపు ఎన్నాళ్లన్నదే మొలక బతుకుతుందో లేదో తేలుస్తుంది. ఈ సంగతి వేరుశనగ వేసే ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి, ఇది వాతావరణం చేసేది కాదు, మనం చేసేది. ప్రభుత్వ బంజరు భూముల పటాల్లో పొదల నేల "బంజరు" కింద వస్తుంది. కలివికోడి అనే అరుదైన పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడింది ఇలాంటి పలచటి పొదల మధ్యే, దట్టమైన అడవిలో కాదు. బంజరు అని పేరు పడ్డాక దాన్ని చదును చేయడానికి ఎవరికీ చేయి వెనకాడదు. సోలార్ పార్కు రావచ్చు, గని రావచ్చు, పొదలు పీకి జేసీబీతో గుంటలు తీసి యూకలిప్టస్ పెట్టవచ్చు. బ్లేడు మొదట గీకేసేది ఆ పై పది సెంటీమీటర్లనే. తర్వాత అదే నేలలో మొదటి వానకు వచ్చేది వయ్యారిభామ, గట్ల మీద సర్కారు తుమ్మ. వాటి గింజలు పశువుల పేడలో, టిప్పర్ల టైర్లకు అంటుకుని, గాలిలో వస్తూనే ఉంటాయి. కలివి గింజలు అలా రావు.

గనులు తవ్వుతూనే దీనికి పరిష్కారం వెతికినవాళ్లు ఉన్నారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో అల్కోవా కంపెనీ బాక్సైట్ తవ్వే జర్రా అడవిలో పైమట్టిని విడిగా తీస్తారు. కుప్ప పోసి ఏళ్ల తరబడి ఉంచితే లోపలి గింజలు చచ్చిపోతాయని తెలిశాక, వీలైన చోటల్లా ఆ మట్టిని తవ్వకం పూర్తయిన పక్క గుంట మీదికి నేరుగా తీసుకెళ్లి పరుస్తున్నారు. కింది మట్టితో కలపకుండా, పలచగా, వానలకు ముందు. ఎర్రగుంట్ల సున్నపురాయి గనుల్లోనో, ఓర్వకల్లు వైపు సోలార్ ప్లాంట్లకు చదును చేసే చోటో ఇలా చేయడానికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఉన్న జేసీబీ చాలు. కాంట్రాక్టులో పైమట్టిని ఎంత లోతు వరకు విడిగా తీయాలి, ఎన్ని నెలల్లోపు తిరిగి పరచాలి అన్న రెండు అంకెలు రాయాలి. ఆ అంకెలు తేల్చడానికి ముందు ఆ మట్టిని ట్రేల్లో పరిచి ఒక వానాకాలమంతా తడిపి చూడాలి. ఉడుకు నీళ్లు పోసిన ట్రే ఒకటి, పోయనిది ఒకటి.